నల్ల కిటికీలో 'ఫారిన్ అడ్రస్' అని కనిపించింది: నా కంప్యూటర్‌లో ఎవరైనా దూరారా?

లెక్కల మాస్టారు (తెనాలి) · రాత్రి 8.40

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉంది. పెన్షన్ వివరాలు చూసుకోవడం, మనవరాలితో వీడియో కాల్, నచ్చిన పద్యాలు టైపు చేసి దాచుకోవడం, ఇంతే నా వాడకం.

పది రోజులుగా నెట్ నత్తనడక నడుస్తోంది. ఈ మధ్యాహ్నం గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, పైన కనిపించిన నంబరుకే ఫోన్ చేశాను. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. విండోస్ మీట, ఆర్ అక్షరం కలిపి నొక్కి సీఎండీ అని కొట్టమన్నాడు. నల్ల కిటికీ తెరుచుకుంది. అందులో నెట్‌స్టాట్ అని టైపు చేయమన్నాడు. పాతిక ముప్ఫై వరుసలు జలజలా వచ్చాయి. మూడో నిలువు వరుస పైన ఏం రాసి ఉందో చదవమన్నాడు. 'ఫారిన్ అడ్రస్' అని చదివాను. "చూశారా సార్, ఇవన్నీ విదేశీ హ్యాకర్ల అడ్రస్‌లు. పక్కన ఎస్టాబ్లిష్డ్ అని ఉన్నవాళ్లు ఇప్పుడు మీ కంప్యూటర్ లోపలే ఉన్నారు" అన్నాడు. నా చేతులు చల్లబడ్డాయి.

తర్వాత తన స్క్రీన్ నుంచి నా స్క్రీన్ నడిపే యాప్ ఒకటి వేయించాడు. పది నిమిషాల పాటు మౌస్ దానంతట అదే కదిలింది. ఏవేవో సెట్టింగ్స్ తెరిచాడు, మూశాడు. చివరికి 4,999 రూపాయలు కడితే శుభ్రం చేస్తానన్నాడు. మా ఆవిడకు అనుమానం వచ్చి అమ్మాయికి ఫోన్ చేసింది. అమ్మాయి 'ముందు ఫోన్ పెట్టేయండి నాన్నా' అని అరిచింది. పెట్టేశాను. డబ్బు కట్టలేదు. ల్యాప్‌టాప్ మూత వేసి పక్కన పెట్టాను, మళ్లీ తెరవలేదు. ఇది ఫోన్‌లో రాస్తున్నాను.

నా ప్రశ్నలు రెండు. నిజంగా ఎవరైనా దూరారా? అతను ఏమైనా మార్చి ఉంటే ఎలా తెలుసుకోవాలి? టెన్షన్‌తో అన్నం సహించలేదు.

నెట్ సెంటర్ అన్న (నల్లగొండ) · రాత్రి 8.58

మాస్టారూ, ముందు అన్నం తినండి. మీరు చదివిన ఆ వరుసలు హ్యాకర్లవి కావు.

నెట్‌స్టాట్ అంటే మీ కంప్యూటర్ ఇప్పుడు ఎవరెవరితో మాట్లాడుతోందో చూపే పట్టిక. రెండో నిలువు వరుస 'లోకల్ అడ్రస్', అంటే మన చివర. మూడోది 'ఫారిన్ అడ్రస్', అంటే అవతలి చివర. ఇక్కడ ఫారిన్ అంటే విదేశం కాదు, మనది కానిది అని మాత్రమే. మీరు ఏదైనా తెలుగు పత్రిక సైట్ తెరిస్తే దాని సర్వర్ అడ్రస్ అక్కడే పడుతుంది, అది హైదరాబాద్‌లో ఉన్నా సరే. ఎస్టాబ్లిష్డ్ అంటే లైన్ కలిసిందని. టైమ్ వెయిట్ అంటే మాట ముగిసి ఫోన్ పెట్టేస్తున్నారని.

ఇంకో సంగతి చూడండి. ఆ మూడో వరుసలో కొన్నిచోట్ల 127.0.0.1 అనో, మీ ల్యాప్‌టాప్ పేరో కనిపిస్తుంది. అది మీ కంప్యూటర్ తనతో తానే మాట్లాడుకోవడం. మీ సొంత కంప్యూటర్‌నే విదేశీ హ్యాకర్ అని చూపించి మిమ్మల్ని భయపెట్టాడు ఆ మనిషి. అతని ఎత్తు ఇదే. ప్రతి కంప్యూటర్‌లో మామూలుగా ఉండేదాన్ని, మనం ఎప్పుడూ చూడనిదాన్ని తెరిచి చూపిస్తాడు.

అయితే అతను నిజంగా లోపలికి వచ్చింది ఆ యాప్ ద్వారా. ఆ సంగతి చూడాల్సిందే. మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది అంతే, ఆగిపోదు. తెరవగానే నెట్ కలిసి ఆ యాప్ మళ్లీ లేస్తుంది. అందుకని ముందు గోడ దగ్గర రౌటర్ స్విచ్ ఆపండి. తర్వాత మూత తెరవండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం పేర్చి, ఈ రోజు వచ్చినవన్నీ ఏమిటో రాసుకోండి. ఆ యాప్‌ని తీసేయండి. ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ పెట్టి, అది లేదని చూసుకోండి.

కొత్తపేట అక్క (గుంటూరు) · రాత్రి 9.05

మాస్టారు గారూ, పోయిన ఏడాది నాకూ ఇలాంటి ఫోనే వచ్చింది. నాకు నెట్‌స్టాట్ కాదు, ఈవెంట్ వ్యూయర్ అని ఒకటి తెరిపించారు. అందులో ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వందల్లో ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక వైరస్ అన్నారు. నేను నమ్మి 2,000 కట్టేశాను. తర్వాత మా తమ్ముడు కొత్తగా కొన్న తన కంప్యూటర్‌లో అదే తెరిచి చూపించాడు. అందులోనూ ఎర్ర గుర్తులే! ఒక సర్వీసు సమయానికి లేవకపోయినా అక్కడ ఎర్ర గుర్తు పడుతుందట. మీరు డబ్బు కట్టకుండా ఆగారు, అమ్మాయికి ఫోన్ చేసిన మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి.

డాలస్ అబ్బాయి · రాత్రి 9.20

మాస్టారూ, మా అమ్మానాన్న రాజమండ్రిలో ఉంటారు, వాళ్లకీ మీ వయసే. అందుకే ఆఫీసులో పని ఆపి రాస్తున్నాను.

ఈ రాత్రే చేయాల్సినవి. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు మీ ఫోన్ నుంచి మార్చండి, ఆ ల్యాప్‌టాప్ నుంచి కాదు. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు. ఎందుకంటే మిగతా అన్నిటి పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు ఈమెయిల్‌కే వస్తాయి. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఏ పాస్‌వర్డ్‌లు దాచారో అవన్నీ అతను చూశాడనే అనుకోండి. ఖాతాలో డబ్బు కదిలినట్టు మెసేజ్ వస్తే ఒక్క నిమిషం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పోలేదు గనుక ఆ ఫోన్ నంబరును ప్రభుత్వ సంచార్ సాథీ సైట్‌లో 'చక్షు' అనే చోట ఫిర్యాదు చేయొచ్చు, అది సరిగ్గా ఇలాంటి అనుమానపు కాల్స్ కోసమే.

అతను మీకు 'మీ కంప్యూటర్ ఐడీ ఇదే' అని 888డీసీఏ60తో మొదలయ్యే పొడుగాటి నంబరు ఏమైనా చదివి వినిపించాడా? అది ఇంకో పాత ఎత్తు. అసోక్ అనే ఆదేశం కొట్టిస్తే ఆ నంబరు వస్తుంది. నా దగ్గరా అదే నంబరు, మీ దగ్గరా అదే నంబరు, విండోస్ ఉన్న అందరి దగ్గరా అదే.

డిగ్రీ రెండో ఏడు · రాత్రి 9.31

ఇంత టెన్షన్ ఎందుకు సార్. అడ్మిన్‌గా సీఎండీ తెరిచి విన్‌సాక్ రీసెట్, ఐపీ రీసెట్ కొట్టేయండి. ఫైర్‌వాల్ ఆపేయండి, అది నెట్‌ని స్లో చేస్తుంది. డీఎన్ఎస్ 1.1.1.1 పెట్టేయండి. ఐదు నిమిషాల పని. నేను హాస్టల్‌లో అందరికీ ఇదే చేస్తాను.

ఫైబర్ వైరు (విజయవాడ) · రాత్రి 9.47

తమ్ముడూ, సాయం చేయాలన్న నీ మనసు మంచిది. కానీ ఈ సలహా మాస్టారికి ఇవ్వకు. నేను పన్నెండేళ్లుగా ఇళ్లకు నెట్ కనెక్షన్లు ఇస్తున్నాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

సెట్టింగ్స్ చదవడం వేరు, మార్చడం వేరు. ఐపీకాన్ఫిగ్, పింగ్, నెట్‌స్టాట్, ఎన్ఎస్‌లుకప్ ఇవన్నీ ఉన్నదాన్ని చూపిస్తాయి. వాటిని మామూలుగా వందసార్లు కొట్టినా కంప్యూటర్‌లో వెంట్రుకవాసి కూడా మారదు. రీసెట్ అలా కాదు. ఎవరైనా చేత్తో పెట్టిన ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్ అనే నెట్ నంబర్లన్నీ తుడిచిపెట్టేస్తుంది. కొన్ని ఇళ్లలో నేను కావాలనే ఐపీ చేత్తో పెడతాను, సీసీ కెమెరాల కోసం, ప్రింటర్ కోసం. రీసెట్ కొట్టాక 'అన్నా, కెమెరా రావట్లేదు' అని నాకు ఫోన్ వస్తుంది. పైగా మాస్టారి విషయంలో ఇంకో నష్టం ఉంది. అతను ఏం మార్చాడో తెలుసుకోవాలంటే ఉన్నది ఉన్నట్టు ముందు చూడాలి. తుడిచేస్తే ఆ జాడ పోతుంది.

ఇక ఫైర్‌వాల్ ఆపడం గురించి. ఇప్పుడే ఇంట్లోకి దొంగ వచ్చి వెళ్లాడు. తలుపు తీసి పెట్టమంటావా?

డిగ్రీ రెండో ఏడు · రాత్రి 9.55

అన్నా, నిజమే. పోయిన నెల మా సీనియర్ ల్యాప్‌టాప్‌కి ఇలాగే రీసెట్ కొట్టాను, కాలేజీ ల్యాబ్ వాళ్లు పెట్టిన ఐపీ పోయింది. రెండు రోజులు నెట్ రాలేదు. కారణం నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది. మాస్టారూ, నేను చెప్పింది చేయకండి, క్షమించండి.

లెక్కల మాస్టారు (తెనాలి) · ఉదయం 6.15

బాబూ, క్షమాపణ ఎందుకు. తప్పు తెలిసిన వెంటనే ఒప్పుకున్నావు, నా దగ్గర చదివిన పిల్లల్లో అలాంటివాళ్లే బాగా పైకి వచ్చారు.

రాత్రి రౌటర్ ఆపి, ఆ యాప్ తీసేశాను. నిన్నటి తేదీతో ఇంకేదీ లేదు. ఫోన్ నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చాను. ఇప్పుడు రౌటర్ మళ్లీ పెట్టాను. మీకు చూడటానికి వీలుగా ఉంటుందని రౌటర్ వెనకాల ఫోటో, స్క్రీన్ ఫోటో కూడా జత చేస్తున్నాను.

నిర్వాహకుడు · ఉదయం 6.22

మాస్టారు గారూ, మీ రెండు ఫోటోలూ తీసేశాను, అన్యథా భావించకండి. రౌటర్ వెనకాల స్టిక్కర్ మీద మీ వైఫై పేరు, పాస్‌వర్డ్, సీరియల్ నంబరు స్పష్టంగా కనబడుతున్నాయి. ఏడు నిమిషాలు ఇక్కడ ఉన్నాయి కాబట్టి వైఫై పాస్‌వర్డ్ ఈ రోజే మార్చుకోవడం మంచిది. ఫోటోల బదులు టైపు చేసి పెట్టండి.

ఫైబర్ వైరు (విజయవాడ) · ఉదయం 6.50

ఏది చెప్పొచ్చు, ఏది దాచాలి అన్నది ఇక్కడ అందరికీ పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

192.168తో మొదలయ్యే అడ్రస్ చెబితే ఏ భయమూ లేదు. అది ఇంటి లోపల మాత్రమే చెల్లే నంబరు. ఈ రాష్ట్రంలో లక్షల ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి కూడా అంతే. పడకగదిని 'పడమటి గది' అని పిలుచుకున్నట్టు, బయటివాడికి ఆ పేరుతో మన ఇల్లు దొరకదు.

బయటి ఐపీ, అంటే ప్రపంచానికి కనిపించే నంబరు, దాన్ని బట్టి మన నెట్ కంపెనీ ఏదో, సుమారుగా ఏ ఊరి వైపో తెలుస్తుంది. ఇంటి తలుపు దాకా తెలియదు. అయినా పబ్లిక్‌గా పెట్టాల్సిన అవసరం లేదు. ఫిజికల్ అడ్రస్ అని ఉండేది నెట్‌వర్క్ కార్డు నంబరు. దాని మొదటి సగం తయారుచేసిన కంపెనీని చెబుతుంది. దాన్ని కొట్టేసి పెట్టండి. హోస్ట్ నేమ్, అంటే కంప్యూటర్ పేరు, దాని దగ్గర చాలామంది సొంత పేరే పెట్టుకుంటారు, అదీ తీసేయండి. ఐపీవీ6 (కొత్త రకం పొడుగాటి అడ్రస్) వరుసలో ఎఫ్ఈ80తో మొదలైతే ఇంటి లోపలిదే, 2తో మొదలైతే బయటికి కనిపించేదే.

ఎవరికీ, ఎప్పుడూ చెప్పకూడనివి: వైఫై పాస్‌వర్డ్, రౌటర్ లోపలికి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్, కనెక్షన్ యూజర్ నేమ్, దాని పాస్‌వర్డ్. నా తోటి టెక్నీషియన్ వచ్చి అడిగినా మీరే టైపు చేయండి.

ఇప్పుడు మాస్టారూ, సీఎండీ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత, దాని వెంటనే ఆల్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. వచ్చింది చదివి ఇక్కడ రాయండి.

లెక్కల మాస్టారు (తెనాలి) · ఉదయం 7.34

రాస్తున్నాను. చాలా పొడుగు వచ్చింది. నాలుగు చోట్ల 'మీడియా డిస్‌కనెక్టెడ్' అని ఉంది, అవి చెడిపోయాయా? వైఫై అని ఉన్న చోట ఇవి ఉన్నాయి:

డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్: ఎస్
ఐపీవీ4 అడ్రస్: 192.168.1.7
సబ్‌నెట్ మాస్క్: 255.255.255.0
లీజ్ మొదలు, లీజ్ ముగింపు: రెంటికీ మధ్య ఒక రోజు
డిఫాల్ట్ గేట్‌వే: 192.168.1.1
డీహెచ్‌సీపీ సర్వర్: 192.168.1.1
డీఎన్ఎస్ సర్వర్లు: 8.8.8.8, 8.8.4.4

లెక్కల మనిషిని కనుక 255 ఎక్కడిదో తెలిసింది, ఎనిమిది బిట్లలో పట్టే పెద్ద సంఖ్య. మిగతావి తెలియవు. లీజ్ అంటే నేనేమైనా అద్దె కట్టాలా?

నెట్ సెంటర్ అన్న (నల్లగొండ) · ఉదయం 8.10

అద్దె లేదు మాస్టారూ. పెళ్లి విడిదిలో గదులు పంచే మేనమామ ఒకడు ఉంటాడు కదా, ఎవరు వచ్చినా 'నువ్వు ఏడో గదిలో దిగు' అని తాళం ఇచ్చేవాడు. డీహెచ్‌సీపీ సర్వర్ ఆ మేనమామ. మీ ఇంట్లో ఆ పని రౌటర్ చేస్తోంది. మీ ల్యాప్‌టాప్‌కి 7 ఇచ్చింది, మీ ఫోన్‌కి 5 ఇచ్చి ఉండొచ్చు. లీజ్ అంటే ఆ గది ఎప్పటిదాకా మీదో. గడువు రాకముందే ల్యాప్‌టాప్ అడిగి పొడిగించుకుంటుంది. మీరు చేసేదేమీ లేదు.

సబ్‌నెట్ మాస్క్ మీకు మాకంటే తేలికగా అర్థమవుతుంది. మొదటి మూడు 255లు అంటే ఆ మూడు సంఖ్యలు ఇంట్లో అందరికీ ఒకటే, అంటే వీధి పేరు. చివరి సున్నా అంటే ఆ స్థానం మాత్రమే మారుతుంది, అంటే ఇంటి నంబరు. అవతలి అడ్రస్ మొదటి మూడూ మనవే అయితే నేరుగా మాట్లాడొచ్చు. కాకపోతే వీధి చివరి గేటు దగ్గరకు పంపాలి. ఆ గేటే డిఫాల్ట్ గేట్‌వే, 192.168.1.1, మీ రౌటర్.

మీడియా డిస్‌కనెక్టెడ్ చూసి చాలామంది హడలిపోతారు. అది తప్పు కాదు, చెడిపోవడం కాదు. కేబుల్ పెట్టే రంధ్రం ఉంది, కేబుల్ పెట్టలేదు. బ్లూటూత్ ఉంది, దాన్ని నెట్‌కి వాడట్లేదు. వాడని తలుపులు మూసి ఉన్నాయని చెబుతోంది. ఐపీవీ4 దగ్గర 169.254తో మొదలయ్యే నంబరు కనబడితే మాత్రం ఆలోచించాలి. మేనమామ కనబడక, ల్యాప్‌టాప్ తనకు తానే ఒక నంబరు తగిలించుకుందని అర్థం. అప్పుడు నెట్ రాదు. మీకు ఆ బాధ లేదు.

ఇక డీఎన్ఎస్. కొత్త ఊరికి వెళ్లి 'శాస్త్రిగారి ఇల్లెక్కడ' అని కిళ్లీకొట్టు అతన్ని అడుగుతాం. అతను చేయి చూపిన వైపు వెళ్తాం. కంప్యూటర్‌కి సైట్ పేరు చెబితే అది డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతుంది, నంబరు తెచ్చుకుంటుంది. కిళ్లీకొట్టు అతను నిజం చెప్పినంతకాలం బాగానే ఉంటుంది. అబద్ధం చెబితే మనం బ్యాంకు అనుకుని వేరే ఇంటికి వెళ్తాం. ఈ ఏడు వరుసల్లో నేను ముందు చూసేది అందుకే ఇది.

మీ దగ్గర 8.8.8.8 ఉంది. ఎవరు పెట్టారు?

కొత్తపేట అక్క (గుంటూరు) · ఉదయం 8.25

అంటే ఆ మోసగాడే 8.8.8.8 పెట్టాడా అన్నా? వెంటనే తీసేయాలా?

డాలస్ అబ్బాయి · ఉదయం 8.41

అక్కా, 8.8.8.8, 8.8.4.4 గూగుల్ వాళ్లవి, 2009 డిసెంబరు నుంచి ఉన్నాయి. 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్‌ది, 2018 ఏప్రిల్‌లో వచ్చింది. 9.9.9.9 క్వాడ్9 సంస్థది. ఇవి అందరికీ తెలిసిన సర్వర్లు, అపాయం లేదు. అయినా అన్న అడిగిన ప్రశ్న సరైనది. నంబరు మంచిదే అయినా, మనం పెట్టకుండా మారి ఉంటే ఎవరో చేయి పెట్టారనే కదా.

ఈ డీఎన్ఎస్ వరుస ఎంత ముఖ్యమో ఒక నిజం కథ చెబుతాను. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఒక కేసు బయటపెట్టింది. ఎస్టోనియా దేశంలో ఆరుగురిని పట్టుకున్నారు. వాళ్లు వదిలిన డీఎన్ఎస్‌చేంజర్ అనే వైరస్ చేసిన ముఖ్యమైన పని: కంప్యూటర్‌లో డీఎన్ఎస్ నంబర్లు మార్చి తమ సర్వర్లవి పెట్టడం. వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లకు అలా జరిగింది. జనం ఒక సైట్ అడిగితే వీళ్లు ఇంకో చోటికి పంపి, ప్రకటనల డబ్బు సంపాదించారు. అసలు చిక్కు పట్టుకున్నాక వచ్చింది. ఆ సర్వర్లు ఆపేస్తే లక్షల మందికి నెట్ ఆగిపోతుంది, ఎందుకంటే వాళ్ల కంప్యూటర్లు ఇంకా ఆ నంబర్లనే అడుగుతున్నాయి. కోర్టు అనుమతితో మంచి సర్వర్లను అదే నంబర్లతో నడిపించి, జనం సరిచేసుకోవడానికి 2012 జులై 9 దాకా గడువు ఇచ్చారు. అప్పుడు నాకు తెలిసింది, నేను అప్పటిదాకా నా సొంత కంప్యూటర్‌లో ఈ వరుస ఒక్కసారి కూడా చదవలేదని. ఆ రోజు నుంచి చదువుతున్నాను.

ఇంకొకటి. డీఎన్ఎస్ అబద్ధం చెప్పినా బ్రౌజర్ కొంత కాపాడుతుంది. బ్యాంకు సైట్ తెరిచినప్పుడు 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని పెద్ద హెచ్చరిక వస్తే, దాన్ని దాటి ముందుకు వెళ్లకండి.

లెక్కల మాస్టారు (తెనాలి) · ఉదయం 9.30

8.8.8.8 సంగతి తెలిసింది. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడికి ఫోన్ చేశాను. (నంబరు పాత బిల్లు మీద చూసి చేశాను, గూగుల్‌లో వెతకలేదు.) 'మీ ల్యాప్‌టాప్‌కి పోయిన సంక్రాంతికి నేనే పెట్టాను మాస్టారూ, అప్పుడు కొన్ని సైట్లు తెరుచుకోకపోతే' అన్నాడు. మనసు కుదుటపడింది. ఆ మోసగాడు ఇంకేమైనా మార్చి ఉంటాడా, ఎక్కడ చూడాలి?

ఫైబర్ వైరు (విజయవాడ) · ఉదయం 9.52

బిల్లు మీద నంబరు చూసి చేయడం మంచి పని మాస్టారూ.

ఇంకా చూడాల్సినవి మూడు, నాలుగు ఉన్నాయి. దేన్నీ మార్చకండి, చూసి రండి. ఒకవేళ మార్చాల్సి వస్తే ముందు ఆ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి, తర్వాతే చేయి పెట్టండి. నేను ప్రతి ఇంట్లో చేసేది అదే.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ప్రాక్సీ. 'ఆటోమేటిక్‌గా గుర్తించు' అన్నది ఆన్‌లో ఉంటే ఫరవాలేదు, అది మొదటి నుంచీ అలాగే ఉంటుంది. 'సెటప్ స్క్రిప్ట్', 'ప్రాక్సీ సర్వర్ వాడు' ఈ రెండూ మామూలు ఇంట్లో ఆఫ్‌లో ఉండాలి. ప్రాక్సీ అంటే మన ఉత్తరాలన్నీ ఎవరో ఒకరి చేతి మీదుగా వెళ్లడం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉంటే ఆఫీసు వాళ్లు పెట్టినదే, దాన్ని ముట్టుకోవద్దు. మీ ఇంట్లో ఉంటే మాత్రం అడగాలి.

రెండోది హోస్ట్స్ అనే ఫైలు. సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌తో తెరవండి. కిళ్లీకొట్టును అడిగే ముందు కంప్యూటర్ ఈ చీటీ చూస్తుంది. కొత్త విండోస్‌లో ప్రతి వరుసా హ్యాష్ గుర్తుతో మొదలవుతుంది, అంటే చీటీ ఖాళీ. హ్యాష్ లేకుండా బ్యాంకు పేరో, గూగుల్ పేరో ఉంటే అది చెడ్డ సూచన.

సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, మీకు తెలియని యూజర్ ఎవరైనా చేరారేమో చూడండి. విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది, అది పెట్టండి. కంప్యూటర్ తనంతట తానే ఆగి మళ్లీ లేస్తుంది, ఓ పావుగంట పడుతుంది. అప్పుడు భయపడకండి.

లెక్కల మాస్టారు (తెనాలి) · ఉదయం 11.20

ప్రాక్సీ ఆఫ్. హోస్ట్స్‌లో అన్నీ హ్యాష్ వరుసలే. అకౌంట్ ఒక్కటే, నాది. స్కాన్‌లో ఏమీ దొరకలేదు. రాత్రి నుంచి ఇప్పుడే కాఫీ రుచి తెలిసింది.

కానీ అసలు రోగం అలాగే ఉంది. నెట్ ఇంకా నత్తనడకే.

ఫైబర్ వైరు (విజయవాడ) · ఉదయం 11.31

దాన్నీ చూద్దాం. పింగ్ అని, ఖాళీ వదిలి, 192.168.1.1 అని కొట్టండి. అది గేటు దాకా వెళ్లి వచ్చే సమయం. తర్వాత పింగ్ 8.8.8.8 కొట్టండి. అది బయటి ప్రపంచం దాకా. రెండూ రాయండి. ఎక్కడ ఆగుతోందో ఈ రెండు లెక్కలు చెబుతాయి.

లెక్కల మాస్టారు (తెనాలి) · ఉదయం 11.44

మొదటిది: 212, 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్', 164, 340. రెండోది: 240, 'టైమ్డ్ అవుట్', 'టైమ్డ్ అవుట్', 371.

ఫైబర్ వైరు (విజయవాడ) · ఉదయం 11.49

మాస్టారూ, తప్పు బయట లేదు, ఇంట్లోనే ఉంది. గేటు దాకా వెళ్లి రావడానికి రెండు మూడు మిల్లీసెకన్లు, మహా అయితే పది పట్టాలి. మీకు సగటున రెండు వందలు దాటుతోంది, ఒకటి అసలు తిరిగి రాలేదు. గేటు దాకానే ఇంత కష్టమైతే ఆ తర్వాత ఎంత వేగం ఇచ్చినా లాభం లేదు. ఈ పది రోజుల్లో రౌటర్ కదిలిందా? మీ కుర్చీ మారిందా?

లెక్కల మాస్టారు (తెనాలి) · మధ్యాహ్నం 12.30

కదిలింది! పది రోజుల క్రితం ఇంటికి సున్నం వేయించాం. అప్పుడు రౌటర్ తీసి ఇనుప బీరువా వెనక మేకుకు తగిలించారు. ఇప్పుడు మా ఆవిడ, నేను కలిసి దాన్ని మళ్లీ హాల్లో కిటికీ పక్కన పెట్టాం. పింగ్ 192.168.1.1: 3, 2, 2, 4. మనవరాలి మొహం వీడియోలో మచ్చ లేకుండా కనిపించింది.

వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చాను. నిర్వాహకుడి గారికి కృతజ్ఞతలు.

కొత్తపేట అక్క (గుంటూరు) · మధ్యాహ్నం 2.05

ఇదంతా చదివి నేనూ మా ఇంట్లో చూశాను. ల్యాప్‌టాప్‌లో 192.168 ఉంది కానీ, రౌటర్ పేజీలో బయటి ఐపీ అని ఉన్న చోట 100.72తో మొదలైంది. ఇదేమైనా తేడానా?

నెట్ సెంటర్ అన్న (నల్లగొండ) · మధ్యాహ్నం 2.20

తేడా కాదమ్మా. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి నెట్ కంపెనీ తన లోపల వాడుకునే నంబర్లు. బయటి నంబర్లు సరిపోక, ఒకే బయటి నంబరును చాలా ఇళ్లకు కలిపి ఇస్తారు. అపార్ట్‌మెంటుకు ఒకటే పెద్ద గేటు ఉన్నట్టు. బయటి నుంచి ఇంట్లో కెమెరా చూడాలంటే కొన్నిసార్లు ఇబ్బంది అవుతుంది, అంతకు మించి ఏమీ లేదు. రౌటర్ పేజీ దాకా వెళ్లారు కదా, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఈ పూటే మార్చేయండి.

డాలస్ అబ్బాయి · సాయంత్రం 6.40

మా ఇంట్లో అమ్మానాన్నతో నేను పెట్టుకున్న ఏర్పాటు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందని. నేను వాళ్ల స్క్రీన్ చూడాలంటే విండోస్‌లోనే ఉన్న క్విక్ అసిస్ట్ వాడతాం. ఎప్పుడూ వాళ్లే నాకు ముందు ఫోన్ చేయాలి, నేను చేసినా ఒప్పుకోకూడదు. వాళ్లు చేసినప్పుడు నేను మా తాతయ్య ఊరి చెరువు పేరు చెప్పాలి. చెప్పకపోతే నా గొంతే అయినా పెట్టేయమన్నాను. నాన్న ఒకసారి నిజంగానే పెట్టేశారు, నేను హడావుడిలో చెప్పడం మర్చిపోతే. ఆ రోజు చాలా సంతోషం వేసింది.

లెక్కల మాస్టారు (తెనాలి) · రాత్రి 7.15

ఒక పాత నోటుబుక్కులో మా ఇంటి లెక్కలు రాసి పెట్టాను: ఐపీ, మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్, పింగ్ ఎంత ఉండాలో, ప్రాక్సీ ఆఫ్, తేదీ, డీఎన్ఎస్ పెట్టిన కుర్రాడి పేరు. పాస్‌వర్డ్‌లు అందులో రాయలేదు. నెలకోసారి చదివి సరిపోల్చుకుంటాను.

వచ్చే ఆదివారం మా పెన్షనర్లం కలుస్తాం. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి నెట్‌స్టాట్ కొట్టి ఆ మూడో వరుస అందరికీ చూపించాలని ఉంది. నలుగురైదుగురికి ఇలాంటి ఫోన్లు వచ్చాయని ఇవాళ విన్నాను. గోడ మీద పెద్దగా వేసి చూపించేటప్పుడు నేను ఏమైనా దాచాలా?

ఫైబర్ వైరు (విజయవాడ) · రాత్రి 7.28

నెట్‌స్టాట్‌లో మీ ల్యాప్‌టాప్ పేరు కనబడొచ్చు, మీ స్నేహితుల ముందు అది ఫరవాలేదు మాస్టారూ. ఐపీకాన్ఫిగ్ చూపిస్తే మాత్రం ఆల్ లేకుండా కొట్టండి, ఫిజికల్ అడ్రస్ రాదు. బ్రౌజర్, మెయిల్ ముందే మూసేయండి. అందరినీ వాళ్ల ల్యాప్‌టాప్‌లు కూడా తెచ్చుకోమనండి. మీతో పాటు వాళ్లూ కొట్టి, వాళ్ల స్క్రీన్ మీద కూడా 'ఫారిన్ అడ్రస్' కనబడాలి. ఆదివారం నాకు సెలవు, విజయవాడ నుంచి తెనాలి ఎంత దూరం. ఏ టైముకో చెప్పండి, నేనూ వస్తాను.